ఎనిమిదో నంబరు ఫ్లై కిట్టు: రాడ్డు మనకు సరిపోతుంది, లైనే చలిదేశానిది

ఆన్‌లైన్‌లో 8,000 నుంచి 12,000 రూపాయల మధ్య దొరికే ఫ్లై ఫిషింగ్ కిట్లన్నీ దాదాపు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. తొమ్మిదడుగుల కార్బన్ రాడ్డు నాలుగు ముక్కలుగా, ఒక అల్యూమినియం రీలు, దాని మీద చుట్టిన రంగు లైను, ఒక లీడరు, చిన్న డబ్బాలో పాతికో ముప్పయ్యో ఫ్లైలు, అంటే కొక్కానికి ఈకలూ దారమూ కట్టి చేసిన ఉత్తుత్తి ఎరలు. పెట్టె మీద మంచుకొండ, కొండ కింద వాగు, వాగులో మోకాలి లోతున నిలబడ్డ టోపీ మనిషి. ఇక్కడ చెప్పబోయేది అలాంటి 8 నంబరు కిట్టు సంగతే. కాకపోతే దాన్ని తూచి చూసింది నెల్లూరు చుట్టుపక్కల: సర్వేపల్లి కాలవ గట్టు మీద, పెన్న మడుగుల్లో, కృష్ణపట్నం దగ్గర కండలేరు ఉప్పుటేట్లో, మైపాడు ఒడ్డున. బొమ్మలోని వాగుకీ వీటికీ పోలిక నీళ్ళొక్కటే.

తీర్పు ముందే చెప్పేస్తే: రాడ్డు పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. రీలు ఓర్చుకోవచ్చు. లైను మార్చి తీరాలి. ఫ్లైల డబ్బా మాత్రం ఖాళీ చేసి డబ్బా ఉంచుకోండి, అది బాగుంది.

గట్టు మీద ఈ రాడ్డు విప్పగానే వానపాములతో కూర్చున్న పెద్దాయన అడిగే మాట ఒకటే. "ఏంది నాయనా, వైరు పురికొసంత లావుండాది, చేపకి కనపడదా?" చాలామంది నవ్వి ఊరుకుంటారు గానీ కిట్టు మంచిచెడ్డలన్నీ ఈ ప్రశ్నలోనే ఉన్నాయి. మామూలు గాలంలో బరువు సీసానిది. సీసం ఎగిరిపోతుంటే టంగీసు అనే నైలాను దారం దాని వెంట పోతుంది. ఫ్లైకి బరువుండదు, కోడీక ఎంతో అదీ అంతే. అందుకని బరువును దారంలోనే పెట్టారు. గాలిలో ఎగిరేది ఆ లావు లైను, దాని వెంట పోయేది ఫ్లై. చేప దగ్గరికి వెళ్ళేది లైను కాదు, దాని కొసకు కట్టే తొమ్మిదడుగుల సన్న లీడరు. రాడ్డు మీద ఉండే 8 అనే అంకె ఈ లైను బరువును బట్టి వచ్చిందే. కొస దగ్గరి లావు మారని చిన్న ముక్కను వదిలేసి, లైను మొదటి 30 అడుగులు తూస్తే 8 నంబరుకు 210 గ్రెయిన్లు రావాలి, అంటే 13.6 గ్రాములు. కాస్త అటూ ఇటూ ఒప్పుకుంటారు: 13.1 నుంచి 14.1 దాకా.

ఇది ఎవరికి వారు సరిచూసుకోవచ్చు. లైను కొసన ఆ చిన్న ముక్క వదిలి 9.14 మీటర్లు (30 అడుగులు) కొలిచి, అక్కడ మార్కరుతో గీత పెట్టి, ఆ భాగాన్ని చుట్టగా చుట్టి నగల కొట్లో తూకం పళ్ళెంలో పెట్టమనండి. మిగతా లైను రీలుతో సహా పక్కన బల్ల మీద వదులుగా ఉండాలి, లాగకూడదు. చిన్నబజారులో అడిగితే వింతగా చూస్తారు గానీ తూస్తారు. ఈ కిట్టులోని లైను 15 గ్రాములు దాటింది. అంటే పెట్టె మీద 8, తూకంలో దాదాపు 9. తొమ్మిదో నంబరుకు లెక్క 240 గ్రెయిన్లు, పదిహేనున్నర గ్రాములు.

ఇది పొరపాటో మోసమో అనుకోకండి, ఇప్పటి వ్యాపారమే ఇలా నడుస్తోంది. "ఫాస్ట్ యాక్షన్" అనే మాట అమ్ముడుపోతోందని కంపెనీలు రాడ్లను ఏటికేడు గట్టిగా చేసుకుంటూ పోయాయి. గట్టి రాడ్డు కొత్తవాడి చేతిలో వంగదు. వంగకపోతే లైను పోదు. దాన్ని వంచడానికి లైను కంపెనీలు అరనంబరు, ఒక నంబరు బరువు ఎక్కువ వేసి అదే అంకె ముద్రించడం మొదలుపెట్టాయి. పెద్ద బ్రాండ్లు ఆ సంగతి పెట్టె మీద రాస్తాయి, చౌక కిట్లలో రాయరు. చివరికి కొనేవాడు చేసేది గట్టి 8 నంబరు రాడ్డు కొని దాన్ని 9 నంబరు లైనుతో మెత్తబరచుకోవడం. మొదటే కాస్త మెత్తటి రాడ్డు కొంటే ఈ తిరుగుడంతా ఉండదు.

కార్బన్ అంకెలదీ ఇదే తంతు. ఐఎం6 అన్నది మొదట ఒక అమెరికన్ కంపెనీ తన కార్బన్ పోగుకు పెట్టుకున్న సొంత పేరు. ఇప్పుడు ఐఎం8, ఐఎం10 అని ఎవరికి తోచింది వాళ్ళు అచ్చేసుకుంటున్నారు, పరిశ్రమ అంతటికీ కలిపి అదొక కొలత కాదు. 24 టి, 30 టి, 40 టి అన్నవి పోగు బిగువును చెబుతాయే గానీ బలాన్ని చెప్పవు. బిగువు పెరిగేకొద్దీ రాడ్డు తేలికవుతుంది, గట్టిపడుతుంది, దెబ్బ తగిలితే పుటుక్కుమనే గుణం కూడా పెరుగుతుంది. గుర్రపుడెక్క కింద నుంచి కొర్రమీనును పైకి గుంజే చోట 40 టి కన్నా 24 టి నయం. ఈ కిట్టు రాడ్డు 24 టి అని రాసుకుంది. మొదలు బలంగా ఉంది, మధ్యలో వంగుతోంది. కొత్త చేతికి ఇదే మంచిది.

రాడ్డులో లోపం అతుకుల దగ్గర. నాలుగు ముక్కల రాడ్డుకు మూడు అతుకులు. ఒకటి రెండు గంటలు విసిరాక పైనుంచి రెండో అతుకు మెల్లగా జారుతుంది. జారిన అతుకుతో విసిరితే ఆడ ముక్క అంచు చీలుతుంది, ఇక ఆ ముక్క పనికిరాదు. మగ అతుకు మీద తెల్ల కొవ్వొత్తి రెండు గీతలు గీసి, వేలితో రుద్ది, గైడ్లు (రాడ్డు మీద లైను దూరే రింగులు) పావు తిప్పు పక్కకుండేలా దోపి, నొక్కుతూ తిప్పి వరసలోకి తెండి. అరగంటకోసారి తడిమి చూసుకోవాలి. విప్పేటప్పుడు పట్టేస్తే వేడినీళ్ళు పోయవద్దు. ఇద్దరు ఎదురుబొదురు నిలబడి, ఒక్కొక్కరు అతుకుకు రెండువైపులా ఒక్కో చెయ్యి వేసి, ఒకేసారి లాగితే వస్తుంది. గైడ్లు పట్టుకుని తిప్పితే గైడే ఊడుతుంది.

మన దగ్గర రాడ్లు చేపల వల్ల విరగడం తక్కువ. ఇంట్లో ఫ్యాను కింద బిగించి చూపించబోయినప్పుడు ఒకటి, కారు తలుపులో పడి ఒకటి, చేప కాళ్ళ దగ్గరికొచ్చాక రాడ్డును నిలువు దాటి వెనక్కి ఎత్తినప్పుడు ఒకటి. మూడోదాంట్లో వంపంతా కొస ముక్క మీదే పడుతుంది. రాడ్డును పక్కకు వంచి, మొదలు భాగంతో లాగాలి.

వారంటీ మాట వేరే చెప్పాలి. ఆర్విస్ లాంటి పాత అమెరికన్ కంపెనీ తన రాడ్లకు 25 ఏళ్ళ హామీ ఇస్తుంది, మరికొన్ని జీవితకాలం అంటాయి. వినడానికి బాగుంటుంది. ఆ హామీ ఖర్చు రాడ్డు ధరలోనే కలిసి ఉంటుంది, పైగా నెల్లూరు నుంచి విరిగిన ముక్కను సముద్రాలు దాటించి, కొత్తదానికి ఇక్కడ కస్టమ్స్ కట్టి తెచ్చుకునే బాధ కొన్నవాడిదే. మనకు హామీ కన్నా విడిగా కొస ముక్క అమ్మే కంపెనీ మేలు. కొనేముందు అమ్మేవాణ్ణి ఆ ఒక్క ప్రశ్న అడగండి.

రీలు సంగతి. పోత అల్యూమినియం, లోపల డిస్కు బ్రేకు, కుడిచేతి వాటం నుంచి ఎడమకు మార్చుకునే వీలు. "సాల్ట్ వాటర్ సేఫ్" అని వెనక అచ్చుంది. విప్పి చూస్తే బ్రేకు గదికి రబ్బరు సీలు లేదు. ఉప్పుటేట్లో పడేస్తే నీళ్ళూ ఇసకా నేరుగా లోపలికి వెళతాయి. బ్రేకు గట్టిదనం కన్నా మొదటి కదలిక ముఖ్యం. లైనుకు పాత చేపల స్ప్రింగు కాటా కట్టి మెల్లగా లాగండి. ముల్లు నున్నగా రెండు కిలోల దాకా పోయి అక్కడ నిలవాలి. ఇందులో ముందు మూడు దాకా ఎగిరి తర్వాత రెండుకు పడింది. ఆ ఎగురుడులోనే సన్న దారం తెగుతుంది. డిస్కు మీద ఫ్యాక్టరీలో పూసిన గ్రీజు ఎక్కువై గడ్డకట్టడమే కారణం. గుడ్డతో తుడిచి పలచగా మళ్ళీ పూస్తే చాలామటుకు తగ్గుతుంది. రీలును రాడ్డుకు పట్టించే పాదం స్క్రూలు కూడా వదులుగా వచ్చాయి, ఒక్కో చుక్క జిగురు వేసి బిగించుకోండి. ఉప్పునీళ్ళ నుంచి వచ్చిన రాత్రే మంచినీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి, బ్రేకు పూర్తిగా వదులు చేసి, నీడలో ఆరేయాలి. పంపు కింద జోరుగా కడిగితే ఉప్పు ఇంకా లోపలికి పోతుంది.

కొర్రమీనుకు రీలు పెద్దగా పని చెప్పదు, అది పది గజాల్లో తేలిపోయే యుద్ధం. పండుగప్ప, పార పడే ఏటిమొగల్లో మాత్రం లైను వెనక కనీసం 100 గజాల డాక్రాన్ బ్యాకింగు, అంటే చేప దూరం లాక్కుపోతే వదలడానికి అదనపు దారం, ఉండాలి. కిట్టులో 50 గజాలే చుట్టారు.

ఇక లైను. పెట్టె మీద డబ్ల్యూఎఫ్-8-ఎఫ్ అని ఉంటుంది. ముందు భాగం బరువు, 8 నంబరు, తేలేది అని దానర్థం. లోపల అల్లిన నైలాను పోగు, పైన ప్లాస్టిక్ పూత. చలి నీళ్ళ కోసం చేసిన పూత మెత్తగా ఉంటుంది, లేకపోతే అక్కడ స్ప్రింగులా చుట్టలు చుట్టుకుంటుంది. ఆ మెత్తదనమే మనకు చేటు. రోహిణి కార్తెలో పదకొండు గంటలకు గట్టు మీద పరిచిన లైను చేతికి అంటుకుంటుంది. గైడ్లలో జారదు, గైడ్ల మధ్య వేలాడుతుంది, ముప్పై అడుగులు పోవాల్సింది ఇరవైకే చతికిలబడుతుంది. కొత్తవాళ్ళు తమ చేతివాటం బాగాలేదనుకుని రాడ్డు అమ్మేసేది ఇక్కడే. తప్పు చేతిది కాదు.

మార్చాల్సింది "ట్రాపికల్" అని రాసిన 8 నంబరు తేలే లైనుకు. పేరున్న కంపెనీది తీసుకుంటే అదొక్కటే కిట్టు ధరకు దగ్గరగా పోతుంది, చైనా మధ్యరకం సగంలోపు వస్తుంది. ఆ మధ్యరకం చాలు. దాని పూత గట్టిది, కాబట్టి మార్గశిరం తెల్లవారుజామున చుట్టలు పడుతుంది. వాడేముందు ఒక చివర చెట్టుకు కట్టి ఒక నిమిషం సాగదీస్తే సరి. కొన్ని దోమల మందులూ సన్‌స్క్రీన్లూ ఈ పూతను తినేస్తాయి. పెట్రోలు చేతులతో అసలు ముట్టవద్దు.

లీడరు కొనక్కర్లేదు. మన గాలాల కొట్టులో మిల్లీమీటర్ల లెక్కన అమ్మే టంగీసుతోనే కట్టుకోవచ్చు: లైను వైపు 0.60 నాలుగడుగులు, తర్వాత 0.50 రెండడుగులు, ఆపైన 0.40 రెండడుగులు, ఫ్లై దగ్గర మళ్ళీ 0.60 ఒక అడుగు. ఆ చివరి అడుగు పండుగప్ప చెంపరేకు కోసం. ఆ రేకు బ్లేడులా కోస్తుంది. ముడులు బిగించేముందు ఉమ్మితో తడపండి, పొడి ముడి రాపిడికి కాలి బలం పోతుంది.

ఫ్లైల డబ్బాలో ఉన్నవి 12 నుంచి 16 సైజు వరకు, దోమంత పురుగులు. చలిదేశపు ట్రౌటు చేపకు అవి అన్నం. మన కాలవల్లో వాటిని పరిగ పిల్లలు తప్ప ఎవరూ పట్టించుకోరు. పైగా కొక్కాలు మామూలు ఇనుపవి, ఉప్పుటేట్లో ఒక సాయంత్రం వాడితే మర్నాటికి డబ్బా అంతా తుప్పు మరక. మనకు కావలసినవి రెండే రకాలు. ఏటిమొగలో చిన్నచేపలా కదిలే క్లౌజర్ మిన్నో, అంటే తలకు డంబెల్ ఆకారపు సీసం కళ్ళు కట్టి, కొక్కెం తల్లకిందులుగా ఈదే ఫ్లై. కాలవలో కప్పలా చప్పుడు చేసే పాపరు.

పాపరు ఇంట్లోనే చేసుకోవచ్చు. పాత ఫోము చెప్పు లోంచి 12 మిల్లీమీటర్ల లావు, 18 పొడవు ముక్క తీయండి, రబ్బరు హవాయి వద్దు, బరువు. 2/0 సైజు స్టెయిన్‌లెస్ కొక్కెం కాడ మీద ముందుగా కుట్టుదారం దగ్గరగా చుట్టాలి. ఇది మానేస్తే ఫోము కాడ మీద గిర్రున తిరుగుతుంది, అందరూ చేసే తప్పు ఇదే. ఫోము అడుగున బ్లేడుతో గాటు పెట్టి, గమ్ము వేసి, కాడను అందులో కూర్చి నొక్కండి. గాటు మరీ లోతైతే కొక్కెం నోరు మూసుకుపోతుంది, చేప కొడుతుంది గానీ గుచ్చుకోదు. ముందు భాగం గిన్నెలా కాస్త తొలవాలి. తోకకు నాటుకోడి పుంజు మెడ ఈకలు ఆరు, ఇటు మూడు, అటు మూడు, వంపు బయటికి. చివరగా 0.50 టంగీసును కొక్కెం వంపు నుంచి కంటి దాకా లూపులా కట్టితే తుంగలో తట్టుకోదు. కోళ్ళ అంగట్లో ఈకలకు ఎవరూ డబ్బడగరు. బయటిదేశాల్లో ఫ్లైల కోసమే పెంచిన కోళ్ళ మెడతోళ్ళకు వేలల్లో ధర పలుకుతుంది. 2011లో అమెరికాలో ఆడవాళ్ళు ఆ ఈకలు జుట్టులో పెట్టుకోవడం ఫ్యాషనై, ఫ్లైలు కట్టేవాళ్ళకు ఈకలే దొరకని పరిస్థితి వచ్చింది.

వాడకంలో మన చోటికి సంబంధించి రెండు చిక్కులున్నాయి. మొదటిది సర్కారు తుమ్మ. ఫ్లై లైను ముందుకు పోవాలంటే ముందు వెనక్కి పోవాలి, మన గట్ల మీద వెనక ఖాళీ ఉండదు. అందుకని తలపైనుంచి విసరడం కన్నా ముందు రోల్ కాస్టు నేర్చుకోవాలి: లైనును నీళ్ళ మీద మెల్లగా వెనక్కి జరిపి, భుజం పక్కన వేలాడే డి ఆకారం వచ్చాక ఆగి, సుత్తి కొట్టినట్టు ముందుకు. లైను కొస నీళ్ళను పట్టుకుని ఉంటేనే ఇది పనిచేస్తుంది, గడ్డి మీద సాధన చేస్తే రాదు. రెండోది సముద్రపు గాలి. మైపాడులోనూ అటు ఒంగోలు వైపు కొత్తపట్నంలోనూ మధ్యాహ్నం దాటాక ఎదురుగాలికి 8 నంబరు కూడా తల వంచుతుంది. తెల్లవారి తొమ్మిదిలోపు ముగించుకోవడం ఉత్తమం. వెనక్కి విసిరినప్పుడు కొరడాలా టప్‌మని చప్పుడొస్తే లైను పూర్తిగా చాచుకోకముందే ముందుకు లాగారన్నమాట. ఆ చప్పుడుతో ఫ్లై తెగిపోయి ఉంటుంది, చూసుకోండి.

చేప కొట్టగానే రాడ్డు పైకెత్తడం ట్రౌటు అలవాటు. కొర్రమీను నోరు గట్టిది, కప్పను మింగి తల తిప్పేదాకా ఆగి, రాడ్డును నీళ్ళవైపే ఉంచి, ఎడమచేత్తో లైనును బలంగా గుంజాలి. తొందరపడితే ఖాళీ ఫ్లై మొహం మీదికి వస్తుంది. కళ్ళజోడు లేకుండా ఈ పని వద్దు.

ఈ కిట్లు కొనేవాళ్ళలోనూ చూసేవాళ్ళలోనూ తలోరకం ఉన్నారు. కాలవ గట్టు మీద వెదురు కర్రతో కూర్చునే పెద్దలకు లెక్క సూటిగా ఉంటుంది: సాయంత్రానికి పులుసుకు సరిపడా పడిందా లేదా. చేపను పట్టి, ఫొటో తీసి, వదిలేసేవాణ్ణి చూసి "పులుసుకు రాని చేపను ఎందుకు బాధపెట్టడం?" అంటారు. నెల్లూరులో ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం. రబ్బరు కప్పలతో స్పిన్నింగ్ చేసే కుర్రాళ్ళకు సైజు ముఖ్యం, ఇన్‌స్టా వీడియో ముఖ్యం. ఫ్లై వాళ్ళలో కొందరికి వానపాము అంటేనే చిన్నచూపు. ఆ చిన్నచూపు అరువు సరుకు, పెట్టె మీద బొమ్మతో పాటు వచ్చింది. ఈమధ్య వేల రూపాయలకు అమ్ముతున్న జపాన్ తెన్‌కారా రాడ్డు ఏమిటి? రీలు లేని పొడుగు కర్ర, కొసకు దారం, దారానికి ఫ్లై. ఎర తీసేస్తే మన పెద్దాయన కర్ర అదే.

ఫ్లై వల్ల చేపలు ఎక్కువ పడవు. కూరకు చేప కావాలంటే వానపామే గెలుస్తుంది, అందులో రెండో మాట లేదు. వదిలేయడం మంచిదే, కానీ వదిలే పద్ధతిలో వదిలితేనే. కొక్కెం మొనకు వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును ముందే కటింగ్ ప్లేయరుతో నొక్కేయాలి. ఎండాకాలం గోరువెచ్చని నీళ్ళలో అలిసిన పండుగప్పను ఫొటో కోసం రెండు నిమిషాలు పైన ఉంచితే వదిలినా బతకడం కష్టం. కొర్రమీను పైకి వచ్చి గాలి పీల్చే చేప కాబట్టి తట్టుకుంటుంది. పండుగప్ప మగగా పెరిగి, పెద్దదయ్యాక ఆడదవుతుంది. అంటే అందరూ ఫొటోకు కోరుకునే ఆ పెద్దవే గుడ్లు పెట్టేవి. వానల్లో ఎర్రటి కొర్రమీను పిల్లలు గుంపుగా తేలుతూ కనిపిస్తే కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. ఆ గుంపు మీద ఏది వేసినా కొడతాయి, ఆకలితో కాదు. అక్కడ వేసేవాడు ఫ్లై వేసినా కప్ప వేసినా ఒకటే. కాపలా పోతే పిల్లల్ని మిగతా చేపలు తినేస్తాయి.

చెరువులు చాలావరకు మత్స్యకార సంఘాల లీజులో ఉంటాయి. పట్టి వదిలేస్తామన్నా సరే, ముందు అడిగి దిగాలి. రొయ్యల గుంటల గట్ల మీద మరీ జాగ్రత్త, అక్కడ ఏరేటర్లకు లాగిన కరెంటు తీగలు కిందికి వేలాడుతుంటాయి. కార్బన్ రాడ్డు కరెంటును పట్టుకుంటుంది. తొమ్మిదడుగులు ఎత్తినప్పుడు పైకి చూసి ఎత్తండి. ఉరిమితే రాడ్డు కింద పెట్టేయండి.

చేతిలో 12,000 ఉంటే కిట్టు కొనకండి. మధ్యరకం 24 టి రాడ్డు ఒక్కటి విడిగా, ట్రాపికల్ లైను విడిగా, మిగిలిన దాంట్లో చౌక రీలు, ఐదు గజాల చొప్పున మూడు లావుల టంగీసు, పది 2/0 కొక్కాలు. కిట్టు ఇప్పటికే కొనుంటే రాడ్డు ఉంచుకుని లైను మార్చండి. పాత లైనును పారేయక్కర్లేదు, బడి గ్రౌండులో తలపైనుంచి విసిరే సాధనకు కొసన ఉన్ని ముక్క కట్టి వాడుకోవచ్చు. కొత్త లైను పెట్టెను మాత్రం కారు డిక్కీలో వదిలేయకండి. మే నెలలో ఒక్క మధ్యాహ్నం చాలు, చుట్ట చుట్టంతా ఒకదానికొకటి అతుక్కుని ముద్దయిపోతుంది.